కార్పొరేటర్లకు ఊరి వ్యాపారం నేర్పే ట్రైనింగ్: వెళ్లొచ్చాక నా రివ్యూ

విజయవాడలో ఈ మధ్య మున్సిపాలిటీల వాళ్ల కోసం ఒక ట్రైనింగ్ పెట్టారు. కార్పొరేటర్లు, మున్సిపల్ ఆఫీసర్లు, వ్యాపార సంఘాల వాళ్లు ఒకచోట కూర్చుని, ఊళ్లో వ్యాపారాలు నిలబడాలన్నా నలుగురికి పని దొరకాలన్నా నగర పాలక సంస్థ ఏం చేయగలదో నేర్చుకునే కార్యక్రమం. నాకు ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డు ఉంది, మా సంఘం తరఫున నన్ను పంపించారు. డబ్బులు కట్టి ఇలాంటి వాటికి వెళ్లాలా వద్దా అని గుంటూరు, తెనాలి నుంచి తెలిసినవాళ్లు ఫోన్ చేసి అడుగుతున్నారు, అందుకని అందరికీ కలిపి ఇక్కడే రాస్తున్నాను. నడిపిన సంస్థ పేరు మాత్రం రాయను. ఇలాంటి ట్రైనింగులు ఇచ్చేవాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు, ఎవరి దగ్గరికి వెళ్లినా చూసుకోవాల్సినవి ఇవే.

ముందే చెప్పేస్తున్నా. బజారులో తిప్పిన ఆ ఒక్క పూట కోసం అయినా వెళ్లొచ్చు. హాల్లో కూర్చోబెట్టి చెప్పినదాంట్లో సగం తీసేసినా ఎవరికీ నష్టం లేదు. ఐదుకి మూడున్నర ఇస్తాను, ఆ మూడున్నరలో రెండు మార్కులు బజారువే.

మొదటి రోజు పొద్దున మొదలుపెట్టిన తీరు నాకు బాగా నచ్చింది. ఉపన్యాసాలు, జ్యోతి ప్రజ్వలన త్వరగా ముగించి అందరికీ తలా ఒక తెల్లకాగితం ఇచ్చారు. మీ డివిజన్‌లో ఎక్కువ మందికి పని ఇచ్చే పది చోట్లు రాయండి అన్నారు, అంతే. నా పక్కన కూర్చున్న కార్పొరేటర్ గారు ఒక ప్రైవేటు ఆసుపత్రి, రెండు స్కూళ్లు, ఒక ఫంక్షన్ హాలు రాసి ఆగిపోయారు. చాలామంది కాగితాలు అలాగే ఉన్నాయి. కూరగాయల బజారు ఎవరూ రాయలేదు, వరసగా పది కుట్టు మిషన్ల షాపులున్న వీధి ఎవరూ రాయలేదు, మెస్‌లు, కర్రీ పాయింట్లు ఎవరికీ గుర్తు రాలేదు. వీళ్లెవరూ తెలివితక్కువ వాళ్లు కాదు, డివిజన్‌లో ఏ వీధి డ్రైన్ ఎక్కడ పూడిందో కళ్లు మూసుకుని చెప్పగలరు. మనం వాళ్లని ఎప్పుడూ అడిగేది రోడ్డు, నీళ్లు, చెత్త, వీధి లైట్లే కదా, వాళ్ల చూపు కూడా అక్కడే ఉండిపోయింది. 1992లో వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ మున్సిపాలిటీలకు అప్పగించదగ్గ పనులు 18 అని 12వ షెడ్యూల్‌లో రాసింది, ఆర్థిక, సామాజిక అభివృద్ధికి ప్రణాళిక వేయడం అందులో ఒకటి. ఈ మాట హాల్లో చెప్పినప్పుడు రెండు సార్లు గెలిచిన ఒకాయన కూడా పుస్తకంలో రాసుకున్నారు.

తర్వాత ప్రెస్టన్ సంగతి చెప్పారు. విదేశాల కబుర్లంటే నాకు ఓపిక తక్కువ గానీ ఇది మాత్రం శ్రద్ధగా విన్నాను. ఇంగ్లండ్‌లో ఒక ఊరు అది. 70 కోట్ల పౌండ్లతో పెద్ద షాపింగ్ సెంటర్ ప్రాజెక్టు వస్తుంది, ఊరి దశ తిరుగుతుంది అని ఏళ్ల తరబడి కాచుకు కూర్చున్నారు. 2011లో అది కాస్తా ఆగిపోయింది. ఇక వచ్చేవాళ్ల కోసం చూడటం మానేసి, మన దగ్గర ఉన్న డబ్బు ఎటు పోతోందో చూద్దాం అనుకున్నారు. కౌన్సిల్, కాలేజీలు, పోలీసు శాఖ, ఇళ్ల సంస్థలు ఇలా ఊళ్లో కదలకుండా ఉండే పెద్ద సంస్థలన్నీ కలిపి ఏడాదికి సుమారు 75 కోట్ల పౌండ్ల సరుకులు, సేవలు కొంటున్నాయి, అందులో ఊళ్లో మిగిలేది 5 శాతమే అని తేలింది. కొనే పద్ధతి మార్చారు. స్కూలు భోజనాల కాంట్రాక్టు ఒకటే పెద్ద ముద్దగా ఉంటే ఏదో పెద్ద కంపెనీకే దక్కుతుంది, దాన్నే పెరుగు వేరు, గుడ్లు వేరు, జున్ను వేరు అని విడగొడితే చుట్టుపక్కల రైతుల దగ్గర సరుకు తీసుకునే చిన్నవాళ్లు కూడా టెండర్ వేయగలిగారు. 2016-17 నాటికి ఊళ్లో మిగిలేది 18 శాతానికి చేరింది.

ఇది విని హాల్లో ఎవరూ మాట్లాడలేదు కాసేపు. మన విజయవాడ, గుంటూరు వాళ్లకి ఈ కథ వేరే చెప్పాలా? 2015 అక్టోబర్‌లో అమరావతికి శంకుస్థాపన జరిగిన నాటి నుంచి ఈ రెండు ఊళ్లలో షాపు అద్దె, స్థలం రేటు, అన్నీ రాజధానితోనే ముడిపడిపోయాయి. 2019లో పనులు ఆగాయి, 2025 మే నెలలో మళ్లీ మొదలయ్యాయి. రాజధాని రావాలి, నేను మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను, మా షెడ్డుకీ అది మంచిదే, టిప్పర్లు తిరిగితేనే మాకు పని. కానీ అది ఆగిన ఆ ఏళ్లలో కూడా ఈ ఊళ్లు బతికాయి కదా, ఏం పట్టుకుని బతికాయి అన్నది ఎవరైనా రాసిపెట్టారా? ట్రైనింగ్ ఇచ్చినాయన ఈ ప్రశ్న అడగలేదు, టీ బ్రేక్‌లో మాలో మేమే మాట్లాడుకున్నాం. ఆయన అడిగి ఉంటే బాగుండేది.

ఇక బజారు. రెండో రోజు తెల్లవారుజామునే బస్సెక్కించి వన్‌టౌన్ తీసుకెళ్లారు. కాళేశ్వరరావు మార్కెట్ చుట్టుపక్కల కాసేపు తిప్పి, అక్కణ్ణుంచి ముగ్గురు నలుగురు చొప్పున విడగొట్టి చుట్టూ ఉన్న సందుల్లోకి పంపించారు. ప్రతి గుంపులో ఒక కార్పొరేటర్, ఒక ఆఫీసరు, ఒక వ్యాపారి ఉండాలన్నది నియమం. కొనకుండా, ఫొటోలు దిగకుండా, ప్రతి గుంపూ కనీసం ఐదుగురి దగ్గర కూర్చుని మాట్లాడాలి, నిలబడి కాదు, కూర్చుని. ఈ చివరి నియమం పెట్టినవాళ్లకి దండం పెట్టాలి. ఆఫీసరు నిలబడి అడిగితే రోడ్డు మీద అమ్ముకునేవాళ్లు ముందు బుట్ట సర్దుకుంటారు, లేపేయడానికి వచ్చారేమోనని. పక్కన గోనెసంచి మీద కూర్చుంటే మాట మారుతుంది.

మా గుంపుకి ఆకుకూరలు అమ్మే ఒక పెద్దావిడ దొరికింది. తోటకూర కట్టలు తడిగుడ్డ కింద, గోంగూర ఒక పక్క, కొత్తిమీర చిన్న చిన్న కట్టలుగా మళ్లీ కడుతూ మాట్లాడుతోంది, చేతులు ఒక్క క్షణం ఆగలేదు. మాతో ఉన్న కుర్ర ఆఫీసరు, ఆ ఉద్యోగంలో కొత్తగా చేరిన అబ్బాయి, "రోజుకి ఎంత మిగులుతుంది పెద్దమ్మా" అని అడిగాడు. "మిగలడం ఏందయ్యా, ముందు వాడికి కట్టాలిగా" అంది. కొంగు ముడి విప్పి ఒక చిన్న అట్టముక్క చూపించింది. తారీఖులు, వాటి పక్కన టిక్కులు. పొద్దున తొమ్మిది వందలు చేతిలో పెడతాడు, సాయంత్రానికి వెయ్యి ఇవ్వాలి. ఆ అబ్బాయి ఫోన్‌లో లెక్క వేశాడు. రోజుకి వంద, నెలకి మూడు వేలు, ఏడాదంతా ఇలాగే తిప్పుకుంటూ పోతే 36 వేలు, అదీ 900 రూపాయల అప్పు మీద. కార్పొరేటర్ గారు ఆ ఫోన్ తీసుకుని ఆయన మళ్లీ లెక్క వేశారు.

మన ఊరికి ఇది కొత్త కాదు. 2015 డిసెంబర్‌లో కాల్ మనీ పేరుతో నడిచే అధిక వడ్డీ అప్పుల గొడవ బయటపడి రాష్ట్రమంతా విజయవాడ పేరు మోగిపోయింది, కేసులయ్యాయి, అరెస్టులయ్యాయి. పేపర్లలో వచ్చినవి పెద్ద పెద్ద అప్పులు, బెదిరింపులు. ఈ పూట వడ్డీ మాత్రం చడీచప్పుడు లేకుండా నడుస్తూనే ఉంటుంది, ఎందుకంటే తెల్లారకముందే సరుకు కొనడానికి డబ్బు కావాలి, ఆ టైములో ఏ బ్యాంకూ తెరిచి ఉండదు.

దీనికి విరుగుడుగా పథకం లేదా అంటే ఉంది. పీఎం స్వనిధి 2020 జూన్‌లో వచ్చింది, కరోనా లాక్‌డౌన్‌లో దెబ్బతిన్న వీధి వ్యాపారుల కోసం. మొదట్లో తొలి విడత అప్పు 10 వేలు ఇచ్చేవాళ్లు, 2025లో దాన్ని 15 వేలకి పెంచారు, అది కట్టేస్తే 25 వేలు, అదీ కట్టేస్తే 50 వేలు. పూచీకత్తు అక్కర్లేదు, సరిగ్గా కట్టినవాళ్లకి ఏడాదికి 7 శాతం వడ్డీ రాయితీ వెనక్కి వస్తుంది. 2030 మార్చి వరకు పొడిగించారు కూడా. మరి ఈ పెద్దమ్మకి ఎందుకు రాలేదు? ఆధార్‌కి లింక్ అయిన ఫోన్ నంబరు ఎప్పుడో పోయిన సిమ్‌ది. ఓటీపీ ఆ పోయిన నంబరుకే వెళ్తుంది. దాన్ని మార్పించుకోవాలంటే పొద్దున పూట ఒక చోటికి వెళ్లి వరసలో నిలబడాలి, పొద్దున పూట ఆమె వ్యాపారం. ఆ ఒక్క పూట పోతే సాయంత్రం వెయ్యి ఎక్కడి నుంచి తెస్తుంది? ఇంత పెద్ద పథకం ఒక సిమ్ కార్డు దగ్గర ఆగిపోయింది. హాల్లో ఎన్ని స్లైడ్లు చూసినా ఇది మాకు తెలిసేది కాదు.

ఆ కుర్ర ఆఫీసరు అక్కడే చెప్పాడు, మధ్యాహ్నం రెండింటికి ఈ సందు ఖాళీగా ఉంటుంది కదా, ఆధార్ మిషన్ తెచ్చి ఇక్కడే ఒక బల్ల వేస్తే సరిపోతుంది అని. నిజంగానే తర్వాత ఒక మధ్యాహ్నం అలా క్యాంపు పెట్టారు, నేను కూడా వెళ్లి చూశాను, ఫోన్ నంబరు మార్పించుకోవడానికి వచ్చినవాళ్ల వరస సందు చివరిదాకా ఉంది. ఈ ట్రైనింగ్ వల్ల జరిగిన మంచి ఏమిటి అని నన్ను ఎవరైనా అడిగితే ఇదే చెబుతాను.

ఇంకో విషయం, ఇది రాయడానికి కొంచెం ఆలోచించాను గానీ రాయాల్సిందే. అదే సందులో పూలు అమ్మే ఇద్దరు ఆడవాళ్లు మాతో చెప్పారు, పొద్దున నుంచి సాయంత్రం దాకా నీళ్లు తాగం అని. దగ్గర్లో మరుగుదొడ్డి లేదు. ఎండాకాలం బెజవాడ ఎండలో, రోడ్డు మీద కూర్చుని, నీళ్లు తాగకుండా. స్థానిక ఆర్థిక వ్యవస్థ అని గంటలు గంటలు మాట్లాడుకున్నాం, అది మొదలయ్యేది ఇక్కడ కదా. మాతో వచ్చిన కార్పొరేటర్ గారు ఆ తర్వాత బస్సులో ఎవరితోనూ మాట్లాడలేదు.

ఇక్కడే నా పెద్ద ఫిర్యాదు. ఇదంతా వీధి వ్యాపారుల గురించి, మరి హాల్లో కుర్చీ వేసి కూర్చోబెట్టినవాళ్లలో వీధి వ్యాపారి ఒక్కరూ లేరు. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ఏం చెబుతోంది? ఊళ్లో వీధి వ్యాపారాల సంగతి చూసే టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లుండాలి, కనీసం ఐదేళ్లకోసారి సర్వే జరగాలి, సర్వే పూర్తయి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవర్నీ లేపకూడదు. ఈ చట్టం గురించి సెషన్ పెట్టి, ఆ చట్టం ఎవరి కోసమో వాళ్లనే పిలవకపోతే ఎలా? అడిగాను కూడా. రెండు రోజులు వ్యాపారం మానుకుని రాలేరండి అన్నారు. రోజు కూలీ లెక్కన ఆ రెండు రోజుల ఆదాయం వాళ్లకి ఇచ్చి పిలవొచ్చు, మా అందరి దగ్గర తీసుకున్న ఫీజులో అది ఎంత?

మధ్యాహ్నం సెషన్లో మా వ్యాపారాన్నే తీసుకుని బోర్డు మీద లెక్క వేశారు. ఒక లారీ రోడ్డెక్కాలంటే ఏది ఎక్కడి నుంచి వస్తుంది? ఛాసిస్ జంషెడ్‌పూర్ నుంచో హోసూరు నుంచో వస్తుంది, ఇనుము విశాఖ నుంచి, రంగు డబ్బాలు, లైట్లు అన్నీ బయటి కంపెనీలవే. నేను చెబుతుంటే ఆయన ఎడమ పక్క రాస్తూ పోయారు, చివరికి బోర్డంతా ఎడమ పక్కే నిండిపోయింది. సరే, కుడి పక్క ఏం రాద్దాం, ఊళ్లో మిగిలేది ఏమిటి అన్నారు. వెల్డరు కూలి, కార్పెంటరు కూలి, పెయింటరు కూలి, వైరింగ్ కుర్రాడు, సీటు కుట్టేవాడు, టార్పాలిన్ కొట్టు, కమాన్ కట్టలు సరిచేసే షాపు, షెడ్డు అద్దె, పక్కన టీ కొట్టు, మెస్సు. అంటే మా ఆటోనగర్ బలం అంతా చేతి పనే. 1960ల నుంచి ఇక్కడ ఒకరి దగ్గర ఒకరు నేర్చుకుంటూ వచ్చిన పని. ఇన్నేళ్లుగా అందులోనే ఉన్నా, దాన్ని అలా రెండు పక్కలా రాసి చూడటం నాకు అదే మొదలు.

ఆ చేతి పనికే ఇప్పుడు కష్టం వచ్చింది. కంపెనీలు బాడీ కూడా ఫ్యాక్టరీలోనే కట్టి అమ్ముతున్నాయి, బస్సులకి, లారీలకి బాడీ ఎలా కట్టాలో చెప్పే బాడీ కోడ్ నిబంధనలు వచ్చాయి, చిన్న షెడ్డు వాళ్లకి ఆ సర్టిఫికెట్ల ఖర్చు తట్టుకోవడం కష్టం. కంపెనీలని ఆపమని ఎవరూ అడగడం లేదు. మా దగ్గర పదేళ్లు పని చేసిన కుర్రాడి చేతిలో ఒక్క కాగితం ఉండదు, ఐటీఐలతో మాట్లాడి పని పరీక్షించి సర్టిఫికెట్ ఇప్పించడం, ఎలక్ట్రిక్ ఆటోల రిపేరు నేర్పించడం, ఇవి ఊరి పెద్దలు కూర్చుని తలుచుకుంటే అయ్యే పనులు. ఈ మాట ట్రైనింగ్ ఇచ్చినాయన నోటి నుంచి వస్తుందని ఎదురుచూశాను. ఆయన "క్లస్టర్ డెవలప్‌మెంట్", అంటే ఒకే రకం పని చేసే షెడ్లన్నిటినీ కలిపి బాగుచేయడం, అని ఒక స్లైడు వేసి ముందుకెళ్లిపోయారు. మా పక్క ఐలా ఉంది, పరిశ్రమల వాడల్లో పన్ను వసూలు చేసి అందులో వాటా కార్పొరేషన్‌కి ఇచ్చే సంస్థ అది, మరి ఎవరి పని ఎక్కడిదాకా అన్నది చెప్పకుండా మాకు క్లస్టర్ గురించి చెబితే ఏం లాభం?

టెండర్ల సెషన్ పొడిగా ఉంది గానీ పనికొచ్చింది. కేంద్ర ప్రభుత్వ శాఖలు, సంస్థలు ఏడాదిలో కొనేదాంట్లో కనీసం 25 శాతం చిన్న పరిశ్రమల దగ్గర కొనాలి, ఆ 25లో 4 ఎస్సీ, ఎస్టీ పారిశ్రామికవేత్తల దగ్గర, 3 మహిళల దగ్గర. ఈఎండీ, అంటే టెండరుతో పాటు ముందే కట్టే డిపాజిట్, కట్టే పని కూడా లేకుండా మినహాయింపు ఉంది. ఇది మున్సిపాలిటీలకి నేరుగా వర్తించదు, అయినా ఆ దారిలో ఆలోచించొచ్చు కదా అన్నది వాళ్ల వాదన. చెత్త బళ్ల బాడీ రిపేర్లు, పారిశుద్ధ్య కార్మికుల యూనిఫాంలు, చీపుర్లు, రంగులు, ఇవన్నీ ఏటా కొనేవే. యూనిఫాంల కుట్టు కూలి ఒక్కటైనా విడిగా పిలిస్తే ఊళ్లో డ్వాక్రా సంఘాల ఆడవాళ్లు వేయగలరు అని ఒకావిడ లేచి అంది, చప్పట్లు పడ్డాయి. వెంటనే వెనక వరసలోంచి ఒక కాంట్రాక్టరు గారు, బిల్లు ఎప్పుడొస్తుందో చెప్పండి ముందు అన్నాడు, దానికి ఇంకా గట్టిగా చప్పట్లు పడ్డాయి. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం చిన్న సంస్థకి 45 రోజుల్లోపు డబ్బు కట్టాలి, లేటయితే రిజర్వ్ బ్యాంకు రేటుకి మూడు రెట్లు చక్రవడ్డీ కట్టాలి. చట్టం బాగుంది. మళ్లీ పని కావాలనుకునే చిన్నవాడు ఆ వడ్డీ అడగలేడు. నా ఉద్దేశంలో ఊరి వ్యాపారానికి మున్సిపాలిటీలు చేయగల అతి పెద్ద సాయం ఏ పథకమూ కాదు, చిన్న బిల్లులు టైముకి కట్టడమే. ఇది ట్రైనింగులో ఒక పూట పాఠం కావాలి, పది నిమిషాల్లో అయిపోయింది.

గుంటూరు నుంచి వచ్చినవాళ్ల టేబుల్ దగ్గర చర్చ అన్నిటికంటే బాగా నడిచింది. వాళ్లకి మిర్చి యార్డు ఉంది, ఎక్కడెక్కడి నుంచో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు వస్తాయి, తేజ రకం చైనా దాకా పోతుంది. అక్కడి రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ ఒకాయన చెప్పింది నాకు బాగా గుర్తుండిపోయింది: మిర్చి రేటు పడిన ఏడాది గుంటూరులో బట్టల కొట్లూ ఖాళీయే, ఆసుపత్రుల్లో ఓపీ కూడా తగ్గుతుంది, జనం జబ్బుని కూడా వాయిదా వేసుకుంటారు అన్నాడు. మిర్చి ముచ్చికలు తీసే ఆడకూలీల గురించి వాళ్లే లేవనెత్తారు. రోజంతా ఆ ఘాటులో, ముక్కుకి కొంగు చుట్టుకుని కూర్చుంటారు. వాళ్ల పిల్లల్ని చూసుకోవడానికి ఒక చోటు, తాగునీళ్లు, సాయంత్రం ఇళ్లకి బస్సు, ఇవి యార్డు చుట్టూ ఉన్న డివిజన్లలో నగరం చేయగల పనులు. సరుకు అమ్ముకోవడానికి వచ్చి రాత్రి ఆగాల్సి వచ్చిన రైతు ఎక్కడ పడుకుంటాడు, ఎక్కడ తింటాడు అన్నది కూడా వాళ్లే అడిగారు. అక్కడ సంస్థ వాళ్లు మాట్లాడకుండా విన్నారు, అది వాళ్ల మంచితనం.

వరదల గురించి ఒక చిన్న సెషన్ ఉంది. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్ నగర్, పాయకాపురం వైపు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి, మీకు గుర్తు చేయాల్సిన పని లేదు. ఆ నెలంతా మా ఆటోనగర్‌కి నీళ్లు తాగిన బళ్లు వరసగా వచ్చాయి, ఆటోలు, బైకులు, చిన్న ట్రక్కులు, ఒక్కో బండి వెనక ఒక్కో కుటుంబం. ట్రైనింగులో చెప్పిన మాట సూటిగా ఉంది: ఊళ్లో ఏ వీధిలో ఏ కొట్టు ఉంది, అందులో ఎంతమంది పని చేస్తారు అన్న జాబితా ముందే ఉన్న నగరం వరద తర్వాత త్వరగా లేస్తుంది. ట్రేడ్ లైసెన్సు లేదు, చిన్న వ్యాపారాలకి కేంద్రం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ లేదు, అద్దె కాగితం కూడా లేని కిరాణా కొట్టులో బియ్యం బస్తాలు తడిసిపోతే ఎన్ని తడిశాయో ఎవరు నమ్ముతారు? ఈ జాబితా తయారు చేయడానికి పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. 2019 అక్టోబర్ నుంచి వార్డు సచివాలయాలు ఉన్నాయి, వీధి వీధీ తెలిసిన సిబ్బంది ఉన్నారు.

ఇది రాస్తుంటే గుర్తొచ్చింది, ట్రైనింగ్‌కి ఎవర్ని పంపాలి అన్నది కూడా ముఖ్యం. పెద్ద ఆఫీసర్లని పంపితే వాళ్లు బాగా నేర్చుకుంటారు, తర్వాత బదిలీ అయి నేర్చుకున్నది వేరే జిల్లాకి పట్టుకెళ్తారు. ఊళ్లో ఉండిపోయే సీనియర్ అసిస్టెంట్లు, రెవెన్యూ వాళ్లు, వార్డు సచివాలయం సిబ్బంది, వీళ్లు ఎక్కువ మంది ఉండాలి బ్యాచ్‌లో.

మిగతావి గబగబా చెప్పేస్తాను. భోజనం బాగుంది, పప్పు, గోంగూర, పెరుగు, ఏ వంకా లేదు. హాలు ఏసీ మరీ ఎక్కువ. స్లైడ్లన్నీ ఇంగ్లీషులో, చెప్పేది సగం తెలుగు సగం ఇంగ్లీషు, డ్వాక్రా నుంచి వచ్చిన ఆవిడ పక్కనున్న అమ్మాయిని ప్రతి స్లైడుకీ అర్థం అడుగుతూనే ఉంది. తెలుగు ఊళ్లలో తెలుగు వాళ్లకి ఇచ్చే ట్రైనింగ్, పుస్తకం తెలుగులో వేయడానికి ఏం అడ్డం? ఎకోసిస్టమ్, స్టేక్‌హోల్డర్ అన్న మాటలు తీసేసి, ఎవరెవరికి ఇందులో లాభనష్టాలున్నాయి అని అడిగితే అందరూ మాట్లాడతారు, బజారులో అలాగే మాట్లాడారు కదా.

తర్వాత సాయం విషయంలో మాత్రం నాకు చాలా అసంతృప్తి ఉంది. ట్రైనింగ్ అయిపోయాక కూడా ఫోన్లో సలహాలిస్తాం, ప్రతి ఊరు ఒక పని ఎంచుకుంటే అది పూర్తయ్యేదాకా వెంట ఉంటాం అని ఫీజు కట్టించుకున్నప్పుడు చెప్పారు. ఒకసారి ఫోన్ చేశారు. వాట్సాప్ గ్రూపులో సర్టిఫికెట్ల ఫొటోలు, గ్రూప్ ఫొటోలు వచ్చాయి, ఆ తర్వాత పని గురించి మాటే లేదు. ఆ క్యాంపు జరిగింది కూడా ఆ కుర్ర ఆఫీసరు, ఆ కార్పొరేటర్ గారు పట్టుబట్టడం వల్లే. ఐదుకి ఐదు ఇవ్వాల్సిన ఆలోచనకి నేను మూడున్నర దగ్గర ఆగింది ముఖ్యంగా ఈ కారణంతోనే.

కాబట్టి డబ్బు కట్టేముందు వాళ్లని అడగండి: బజారులో ఎంతసేపు తిప్పుతారు, పుస్తకం తెలుగులో ఉందా, వీధి వ్యాపారులని ఎంతమందిని కూర్చోబెడుతున్నారు, ట్రైనింగ్ అయ్యాక మా ఊరికి మళ్లీ ఎప్పుడొస్తారు. చివరిదానికి తారీఖు రాసివ్వమనండి, ఇవ్వనంటే ఫీజులో కొంత ఆ తారీఖు నాడే కడతాం అని చెప్పండి. మా సంఘం తర్వాతి బ్యాచ్‌కి నాకు బదులు ఒక పెయింటరుని, మెస్సు నడిపే ఒకావిడని పంపాలని అనుకుంటోంది, ఆ రెండు రోజుల ఆదాయం సంఘమే ఇస్తుంది.

గుంటూరు వాళ్లు మీ ఊళ్లోనే పెట్టించుకునేటట్టయితే ఫిబ్రవరి, మార్చి నెలల్లో పెట్టమనండి, యార్డు టిక్కీలతో నిండి, లారీలు రోడ్డు మీదిదాకా ఆగి ఉన్నప్పుడు. మే నెలలో అయితే యార్డుకి ఎండాకాలం సెలవులు, వచ్చినవాళ్లకి చూపించడానికి ఖాళీ షెడ్లే ఉంటాయి.